సున్నితమైన చెవులు – పాటల పరీక్ష

గ్రామపెద్దలారా!

నేటి నా ప్రసంగము పాటలను గూర్చినదే గాని సంగీతశాస్త్రమును గూర్చినది కాదు. ఏ రాగము గొప్పది, ఏ గాయకుడు మేటి అను వాదమునకు నేను దిగుట లేదు. ఒక పాటను నలుగురి నడుమ వినిపింపబోవునప్పుడు ఆ నలుగురిలో చెవి సున్నితమైనవారు ఉన్నచో, ఆ పాట వారికి సుఖమగునో, బాధయగునో ముందుగా తెలిసికొనుట ఎట్లు? ఇదియే నేను విచారింపదలచిన విషయము.

ఈ విచారము మాకేల అని మీరడుగవచ్చును. పెండ్లియైనను, జాతరయైనను, వినాయకచవితి పందిరియైనను, పాటలు పెట్టుడని చెప్పువారును, ఇక చాలునని చెప్పువారును మీరే. మైకుసెట్టువాడు గాని, డీజే పెట్టెల కుఱ్ఱవాడు గాని ఊరిలో మఱియెవ్వరి మాటయు వినడు. కావున ఈ పరీక్ష మీ చేతిలో ఉండవలసినదే.

మా బంధువులయింట జరిగిన ఒక పెండ్లిలో ఏడెనిమిదేండ్ల బాలుడొకడు, డీజే పెట్టెలు మ్రోగిన తోడనే రెండు చేతులతో చెవులు మూసికొని పరుగెత్తి, గడ్డివామి చాటున కూర్చుండెను. తల్లి బ్రతిమాలెను. మేనమామ గదిమెను. "గారాబమెక్కువైనది, రెండు తగిలించిన సర్దుకొనును" అని ఒక పెద్దాయన తీర్పు చెప్పెను. అదే బాలుడు ఆనాటి ఉదయమున ముత్తైదువలు పెండ్లిపాటలు పాడుచుండగా నాయనమ్మ ఒడిలో కూర్చుండి తల యూపుచు వినెను. ఆ సంగతి ఎవ్వరికిని గుర్తు రాలేదు. వానికి పాట యందు ద్వేషము లేదు. ఒక విధమైన మ్రోత వానికి నొప్పి కలిగించెను. అంతే.

ఆ నొప్పి నటన కాదని తెలియవలెనన్నచో చెవి పనిచేయు విధమును కొంచెము చూడవలెను. శబ్దమనగా గాలిలో కలుగు కంపనము. సెకనునకు ఎన్నిమాఱులు గాలి కంపించునో ఆ లెక్కను హెర్ట్జులలో చెప్పుదురు. లెక్క తక్కువయైనచో మంద్రస్వరము, ఎక్కువయైనచో తారస్వరము. ఆరోగ్యవంతమైన లేత చెవి 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు వినగలదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారమున ఒక నాళమున్నది. అందు వెండ్రుకలవంటి మొనలుగల సూక్ష్మకణములు వరుసలు తీరి యుండును. కంపనమును నరములకు అందజేయునవి కొన్ని. మెల్లని ధ్వనిని పెంచి, గట్టి ధ్వనిని పెంచక విడిచి, సమతూకము కాపాడునవి కొన్ని. ఈ రెండవ జాతి కణములు వయసుచేతను, మితిమీరిన మ్రోతచేతను నశించిపోవును. నశించినవి మఱల మొలవవు.

దీని ఫలమును మన యిండ్లలో దినదినము చూచుచునే యున్నాము. తాతగారు మనుమనితో "ఏమిరా, గొణుగుచున్నావు? గట్టిగా చెప్పు" అందురు. వాడు గొంతు పెంచగానే "ఎందుకురా, అట్లు అఱచెదవు!" అందురు. చుట్టుప్రక్కలవారు నవ్వుదురు. నాకును ఈ అనుభవము కలదు గనుక ఇది నవ్వులాట కాదని చెప్పగలను. మెల్లని మాట వినబడుటకు కావలసిన నేలమట్టము పైకి లేచినది గాని, నొప్పి పుట్టు పైకప్పు లేవలేదు. నడుమనున్న చోటు ఇఱుకైనది. కావున వినికిడి తగ్గినవారికి మ్రోత బాధింపదనుట పొరపాటు. తఱచుగా వారినే ఎక్కువగా బాధించును.

ఇది ముసలితనపు సున్నితత్వము. వేఱు విధములును కలవు. కొందఱికి పళ్లెముపై గరిటె తగిలిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు మొదలగు సామాన్యధ్వనులే భరింపరానంత గట్టిగా తోచును. వైద్యులు దీనిని హైపరెక్యూసిస్ అందురు. కొందఱికి మ్రోత పెద్దదియా చిన్నదియా అనుదానితో పనిలేదు. నమలు చప్పుడు, ముక్కు చీదు చప్పుడు, పెదవులు చప్పరించు చప్పుడు వినినంతనే పట్టరాని కోపమో రోతయో పుట్టును. దీనికి మిసోఫోనియా అను పేరు 2001లో ఏర్పడెను. పార్శ్వపు తలనొప్పి వచ్చినవారికి ఆ సమయమున చిన్న శబ్దమును పోటుపెట్టినట్లుండును. ఆటిజము గల పిల్లలలో చాలమందికి ధ్వని, వెలుతురు, స్పర్శ మొదలగువాని యందు మితిమీరిన స్పందన యుండును. అమెరికా మానసికవైద్యుల సంఘము 2013లో వెలువరించిన నిర్ణయగ్రంథమున ఈ స్పందనను ఆ స్థితి లక్షణములలో ఒకటిగా చేర్చిరి. అదే దేశమున జంతుశాస్త్రాచార్యురాలైన టెంపుల్ గ్రాండిన్ అను విదుషి స్వయముగా ఆటిజము గలది. బాల్యమున బడిగంట మ్రోత తనకు నరమును గ్రుచ్చినట్టి శరీరబాధగా ఉండెడిదని ఆమె 1995 నాటి తన గ్రంథమున తెలిపియున్నది.

ఆ బడిగంట మాట తెలిసికొన్ననాడు నాకు నిద్ర పట్టలేదు. నేను ఉపాధ్యాయుడనుగా ఉన్న ఒక బడిలో రైలుపట్టా ముక్కను వ్రేలాడగట్టి ఇనుప కడ్డీతో కొట్టి గంట మ్రోగించెడివారు. నా తరగతిలోని ఒక పిల్లవాడు గంట వేళ దగ్గఱపడినకొలది పలక విడిచి, చెవులు మూసికొని, కన్నీరు పెట్టెడివాడు. పాఠము తప్పించుకొను ఎత్తని నేను తలచితిని. భయము పోవునని చెప్పి, ఒక వారము దినములు గంట కొట్టు పని వానికే అప్పగించితిని. నాలుగవనాటి నుండి వాడు బడికి రాలేదు. పిదప రానేలేదు. నేనెన్ని శాస్త్రములు చదివినను, ఆ పిల్లవాని రెండు చేతులు చెప్పుచున్నదానిని చదువలేకపోతిని. ఆ పెండ్లిలో తీర్పు చెప్పిన పెద్దాయనను అందుచేతనే నేను తప్పు పట్టజాలను.

ఇక పరీక్షకు వత్తము. 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజుల ఆశ్రయమున నుండి సంగీతరత్నాకరము రచించిన శార్ఙ్గదేవుడు గాయకుల గుణదోషములను లెక్కించి చెప్పెను. మనము చేయవలసినది గాయకుని పరీక్ష కాదు. ఈ పాట ఈ చెవికి తగునా అను పరీక్ష. దీనికి ఆఱు అంగములను నేను చెప్పెదను.

మొదటిది బలము. ధ్వనిబలమును కొలుచుటకు డెసిబెల్ అను మానము కలదు. ఇది మన మానిక, తవ్వల వంటి కొలత కాదు. పది డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. ఇరువది పెరిగినచో నూఱురెట్లగును. చెవికి మాత్రము పది డెసిబెళ్ల పెంపు ఇంచుమించు రెట్టింపు మ్రోతగా తోచును. ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొను మాట 60 డెసిబెళ్ల ప్రాంతమున నుండును. ఇయర్‌ఫోనులతో పాటలు వినువారి కొఱకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణమున పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెళ్లు, పిల్లలు మొదలగు సున్నితులకు 75 డెసిబెళ్లు హద్దుగా నిర్ణయించిరి. మూడు డెసిబెళ్లు పెరిగినకొలది వినదగిన కాలము సగమగును. ఆ లెక్కను 90 డెసిబెళ్ల మ్రోతను పెద్దలు వారమంతటికిని 4 గంటలకు మించి వినరాదు. ఐతే ఇది చెవి చెడకుండుటకు గీచిన గీత. సున్నితమైన చెవికి ఈ గీతకు చాల క్రిందనే నొప్పి పుట్టవచ్చును.

రెండవది ఆకస్మికత. గట్టి ధ్వని వచ్చినప్పుడు నడిమి చెవిలోని చిన్న కండరము బిగిసి, లోనికి పోవు మ్రోతను కొంత అడ్డగించును. కాని ఆ బిగువునకు సెకనులో కొన్ని వందవవంతుల కాలము పట్టును. హఠాత్తుగా పడిన డప్పుదెబ్బ ఆ తలుపు మూయకముందే లోపలికి చొచ్చుకొనిపోవును. అంతేకాదు, ఎప్పుడు పడునో తెలియని దెబ్బకై ఎదురుచూచుటయే ఒక బాధ. కావున పాట మెల్లగా పెరుగునా, ఒక్కసారిగా విరుచుకొనిపడునా అని చూడవలెను.

మూడవది తీక్ష్ణత. అన్ని స్వరములకును మన చెవి సమానముగా స్పందింపదు. ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన పరిశోధనలో దీనిని లెక్కలతో చూపిరి. ఇంచుమించు 2,000 మొదలు 5,000 హెర్ట్జుల వఱకు గల మేర చెవికి మిక్కిలి చుఱుకైనది. పసిబిడ్డ యేడ్పులోని పదును, ఈలలోని పదును ఈ మేరలోనివే. తాళములు, ఈలలు, కీచుమను యంత్రవాద్యములు నిండిన పాట తక్కువ బలముతో పెట్టినను సూదివలె గ్రుచ్చును.

నాల్గవది మంద్రకంపనము. 1980లో జపాను దేశపు రోలండు సంస్థ వెలువరించిన టి.ఆర్. 808 అను డోలుయంత్రము వంటివాని వలన, మిక్కిలి లోతైన దెబ్బ నేటి పాటలకు పునాదియైనది. ఈ ధ్వనిని చెవియే గాక ఱొమ్మును, కడుపును గూడ అనుభవించును. ఇది గోడలను దాటి పోవును. కిటికీ రెక్కలు గడగడలాడును. చెవిలో దూది పెట్టుకొన్నను ఇది తగ్గదు. పాట మాటలు వినబడనంత దూరమున నున్న రోగికిని ఈ దెబ్బ మాత్రము చేరుచుండును.

ఐదవది సాంద్రత, అనగా ఎడము లేకుండుట. శబ్దగ్రహణశాలలో మెల్లని భాగములను పైకెత్తి, గట్టి భాగములను అణచి, అంతయు ఒకే ఎత్తున నిలుపు పద్ధతి యొకటి కలదు. దానిని కంప్రెషను అందురు. 1990 తరువాతి కాలమున ఒకరికంటె ఒకరు గట్టిగా వినబడవలెనను పోటీచే ఇది మితిమీరెను. ఇట్టి పాటలో హఠాత్తుగా ఉలికిపడుట తక్కువ. కాని చెవికి ఊపిరి తీసికొను చోటుండదు. ఉలికిపాటు గలవానికి ఇది కొంత నయము. త్వరగా అలసిపోవు చెవికి ఇది భారము. ఒకే గుణము ఒకరికి మందును, వేఱొకరికి విషమును అగుననుటకు ఇది దృష్టాంతము.

ఆఱవది విశేషధ్వనులు. నేటి మైకులు గాయకుని పెదవులకు మిక్కిలి దగ్గఱగా నుండుటచే ఊపిరి పీల్చు చప్పుడు, గుసగుస, నాలుక తడి చప్పుడు గూడ పాటలో వినబడును. మిసోఫోనియా గలవారికి మెల్లని జోలపాటయైనను అందుచేతనే దుర్భరము కావచ్చును. సైరను, తుపాకిదెబ్బ, ఏడ్పు, అఱపు పాట నడుమ కలిపినచో అవియు వేఱుగా గుర్తింపవలసినవే.

ఈ అంగములను కొన్ని పాటలకు అన్వయించి చూతము. 1957 నాటి మాయాబజారు చిత్రమున ఘంటసాల, పి. లీల పాడిన "లాహిరి లాహిరి లాహిరిలో" అను పాట మీ రందఱును ఎఱిగినదే. పడవ యూగినట్లు సమముగా సాగు నడక. గొంతులు ముందు, వాద్యములు వెనుక. ఆకస్మికత అల్పము, మంద్రపుదెబ్బ అల్పము. సున్నితమైన చెవులలో పెక్కింటికి ఇది తగును. కాని పాతది గనుక మెత్తనిదని కన్నులు మూసికొని ఒప్పుకొనరాదు. అదే పాటను కొబ్బరిచెట్టుకు కట్టిన బాకా మైకులో పెట్టినచో, ఆ బాకా మంద్రమును విడిచి నడిమి స్వరములనే పైకెత్తును గనుక తీక్ష్ణత హెచ్చును. పాటతోబాటు పెట్టెను గూడ పరీక్షింపవలెను.

2022లో విడుదలయైన ఆర్.ఆర్.ఆర్. చిత్రములోని "నాటు నాటు" పాటకు కీరవాణి స్వరకల్పన చేయగా, చంద్రబోసు రచించెను. 2023 మార్చిలో దానికి ఆస్కారు బహుమతి లభించి తెలుగువారి పేరు దేశదేశముల మ్రోగెను. ఆ పాటకు ఉరవడియే ప్రాణము. తాళపు దెబ్బ ఎడతెగదు, సాంద్రత మిక్కుటము. ఇది పాటలో దోషము కాదు. ఆడుటకు కట్టిన పాట అట్లే యుండవలెను. ఆ ఉత్సాహము నచ్చిన సున్నితచెవులవారును ఉందురు. దెబ్బ క్రమము తప్పక వచ్చుటచే తరువాతిది ఎప్పుడో వారికి ముందే తెలియును. అట్టివారికి బలము తగ్గించి, పెట్టెకు దూరముగా కూర్చుండబెట్టినచో చాలును.

మీ మనుమలు సెల్‌ఫోనులో విదేశీయుల పాటలును వినుచున్నారు గదా! ఇంగ్లండు దేశపు క్వీన్ బృందము 1975లో వెలువరించిన "బొహీమియన్ రాప్సొడీ" దాదాపు ఆఱు నిమిషముల పాట. మొదట వట్టి గొంతులు, పిదప పియానోతో నెమ్మదియైన గానము, నడుమ నాటకఫక్కిలో పెక్కు గొంతుల కోలాహలము, అటుపిమ్మట ఉగ్రమైన గిటారుల హోరు, చివరకు మఱల నెమ్మది. మొదటి నిమిషము విని ఇది మెత్తని పాటయని తీర్పు చెప్పినవాడు మోసపోవును. పాటను తుదిదాక వినకుండ పరీక్ష ముగియదనుటకు దీనికంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు.

పరీక్షించు విధము కష్టమైనది కాదు. ముందుగా ఒకరు ఆ పాటను ఒంటరిగా, తక్కువ బలముతో, మొదటి నుండి చివరిదాక వినవలెను. ఎన్నవ నిమిషమున దెబ్బ పడునో, ఎచ్చట ఈలయో కేకయో వచ్చునో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. సెల్‌ఫోనులో ధ్వనిని కొలుచు సాధనము దొరకును. అది వైద్యుని యంత్రమంత నిక్కము కాకున్నను, ఈ పాటకంటె ఆ పాట ఎంత హెచ్చు అని పోల్చుటకు ఉపకరించును. తరువాత చెవి సున్నితమైనవానినే పిలిచి, బలమును పెంచు తగ్గించు మీట వాని చేతికిచ్చి వినిపింపవలెను. "ఇచ్చట దెబ్బ వచ్చును" అని ముందుగా చెప్పవలెను. వాడు వద్దన్నచో అంతటితో ఆపవలెను. మన కాగితము వేయి చెప్పినను తుదితీర్పు వాని చెవిదే. సాక్షిని గదిమి సాక్ష్యము మార్చుకొనుట న్యాయము కాదు గదా!

పాట మార్చుటకు వీలులేనప్పుడు దూరము సాయపడును. ఆరుబయట ఒక్క పెట్టె మ్రోగుచుండగా, దాని నుండి దూరమును రెట్టింపు చేసినకొలది మ్రోత ఇంచుమించు 6 డెసిబెళ్లు తగ్గును. పది అడుగుల దూరమున కూర్చుండినవాడు నలుబది అడుగులకు జరిగినచో 12 డెసిబెళ్లు తగ్గినట్లే. పెట్టెల ముఖము జనముపైకి గాక ప్రక్కకు త్రిప్పించుట, ముసలివారికిని పిల్లలకును వెనుకనొక నెమ్మది చోటు ఏర్పరచుట, పాట పాటకు నడుమ కొంత విరామమిచ్చుట మొదలగునవి ఖర్చు లేని ఉపాయములు.

ఇచ్చట ఒక హెచ్చరిక. చెవి నొచ్చుచున్నదని దినమంతయు దూది పెట్టుకొని యుండుట మంచిది కాదు. నిశ్శబ్దమునకు అలవాటుపడిన చెవి మఱింత సున్నితమగును. పెనుమ్రోత యున్నచోట మాత్రమే అడ్డు పెట్టుకొని, తక్కిన వేళల ఇష్టమైన మెల్లని ధ్వనులను వినుచుండవలెను. బాధ హెచ్చుగా నున్నచో, ఒక చెవి హఠాత్తుగా మందగించినచో, ఎడతెగని హోరు పుట్టినచో ఆలసింపక చెవి వైద్యునికి చూపవలెను.

చట్టము గూడ మీకు తోడున్నది. మన దేశమున 2000లో ఏర్పడిన ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి పది మొదలు ఉదయము ఆఱు వఱకు ఆరుబయట లౌడ్‌స్పీకరు మ్రోగింపరాదు. ప్రభుత్వము కొన్ని పండుగదినములకు మాత్రము అర్ధరాత్రి వఱకు సడలింపు ఇయ్యవచ్చును. ఐతే చట్టము చూపించి పెండ్లివారితో తగవు పడుటకంటె, పందిరి వేయుటకు ముందే ఒక మాట చెప్పి ఒప్పించుట పెద్దఱికమునకు తగిన పని.

ఆ పెండ్లియింట మఱుసటి యేడు గృహప్రవేశము జరిగెను. ఈసారి పాటల పట్టికను నేనును, ఆ బాలుని తల్లియు ముందుగా విని, కొన్నిటిని తీసివేసితిమి. పెట్టెలను తోటవైపు త్రిప్పించితిమి. ఏ వేళ ఏమి మ్రోగునో బాలునికి ముందే చెప్పితిమి. వాడు మొదట వాకిటనే నిలుచుండెను. మూడవ పాటకు లోపలికి వచ్చి, రెండు పాటలు విని, "ఇక చాలు తాతయ్యా" అనెను. వెంటనే నాయనమ్మ వానిని పెరటిలోనికి తీసికొనిపోయెను. ఎవ్వరును గదుమలేదు. జరిగినదింతే. కాని గడ్డివామి చాటునకు పరుగెత్తిన పిల్లవాడు తనంతట తాను "చాలు" అని చెప్పగలిగెను. పెద్దలు ఆ మాట వినిరి.

బడి మానిన నా శిష్యునకు ఆ అవకాశము నేనియ్యలేదు. వాడెక్కడనున్నాడో నాకు తెలియదు. మీ ఊరిలో ఈసారి పందిరి వేయునప్పుడు, పాటలు మొదలుపెట్టక మునుపు, "ఈ మ్రోత ఎవరికైన బాధయా?" అని ఒక్కమాట అడిగింపుడని మిమ్ము వేడుకొని, ఈ ప్రసంగమును ముగించుచున్నాను.